బైబిలు మాట – హాస్టలు పూట

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఒక వ్యాసం ఇవ్వమని తమ్ముళ్ళు అడిగారు. క్రైస్తవ విశ్వాసాన్ని రోజువారీ బతుకులో పాటించడమంటే ఏమిటన్న అంశం మీద రాద్దామనుకున్నాం. ఇది ప్రభుత్వ హాస్టలు. ఇక్కడ ఆదివారం చర్చికి పోయేవాళ్ళున్నారు, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళున్నారు, అంబేద్కర్ ఫొటోకు తప్ప దేనికీ దండం పెట్టనివాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఇది ప్రసంగం కాదు. ఎవరినీ ఏ మతంలోకీ రమ్మని పిలవడం మా ఉద్దేశం కాదు. మనలో చాలామంది ఇళ్ళల్లో అటక మీదనో, దిండు కిందనో ఉండే ఒక పుస్తకం మనం తినే తిండి గురించి, మన తల్లిదండ్రులు చేసే కూలి గురించి ఏం చెబుతుందో వివరించడమే మా ప్రయత్నం.

బైబిలు అనగానే పరలోకం, నరకం, స్వస్థతలు, అద్భుతాలు గుర్తుకొస్తాయి. యూత్ మీటింగులకు వెళ్ళినా సినిమాలు చూడొద్దనీ, తెల్లవారుజామున లేచి ప్రార్థన చేయమనీ, పరీక్షకు ముందు మోకరించమనీ చెబుతారు. అందులో తప్పేమీ లేదు. కానీ అదే పుస్తకంలో చేను ఎలా కోయాలి, కూలి ఏ వేళకివ్వాలి, తూకపు రాళ్ళు ఎన్ని ఉండాలి అన్న విషయాలు పేజీలకు పేజీలు ఉన్నాయి. వీటి మీద ప్రసంగాలు మేము విన్నవి తక్కువ. కూలివాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన మనకు ఈ భాగాలు ఎవరూ విడమరచి చెప్పకుండానే అర్థమవుతాయి. ఇంకా చెప్పాలంటే మనకంటే మన అమ్మలకే బాగా అర్థమవుతాయి.

ముందుగా పరిగె సంగతి చూద్దాం. కోతలైపోయిన చేలో రాలిపడిన కంకుల్ని ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటామని మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. తెలుగు బైబిలులో కూడా ఈ మాటే వాడారు. లేవీయకాండము 19వ అధ్యాయంలోనూ, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలోనూ రైతుకు కొన్ని కట్టడలు ఉన్నాయి. చేను అంచుల దాకా కోయకూడదు. రాలిన కంకులు మళ్ళీ ఏరుకోకూడదు. ఒక పన మర్చిపోయి ఇంటికొస్తే దాని కోసం వెనక్కి పోకూడదు. ఒలీవ చెట్టును ఒకసారి దులిపాక రెండోసారి కొమ్మలు తడమకూడదు. అవన్నీ పరదేశికీ, తండ్రిలేని పిల్లలకూ, విధవరాలికీ చెందాలి. గమనించండి, ఇది దానం చేయమని చెప్పడం కాదు. ఆ అంచు ధాన్యం మొదటి నుంచీ రైతుది కాదు, పేదవాడిది. వాడు వచ్చి తన చేతులతో కోసుకుపోతాడు. ఎవరి ముందూ చెయ్యి చాచనక్కరలేదు.

ఈ కట్టడ ఎలా నడిచిందో రూతు కథలో కనిపిస్తుంది. రూతు మోయాబు దేశం నుంచి అత్త నయోమితో బేత్లెహేముకు వచ్చిన విధవరాలు, అంటే పరదేశి కూడా. బోయజు అనే ఆసామి చేలో పరిగె ఏరుకోవడానికి పోయింది. బోయజు తన పనివాళ్ళను పిలిచి, ఆమెను ఎవరూ కసరొద్దనీ, పనల్లో నుంచి కొన్ని కంకులు కావాలనే జారవిడిచి పొమ్మనీ చెప్పాడు. సాయంకాలానికి ఆమె దులుపుకున్న యవలు ఒక ఏఫా, అంటే సుమారు 20 లీటర్ల కొలత అయ్యాయి. వేరుశనగ పీకిన చేలో మట్టి గీకి కాయలు ఏరినవాళ్ళకు, వరి కోతల వెనక గంప పట్టుకు తిరిగినవాళ్ళకు ఒక్క పూటలో 20 లీటర్లంటే ఏమిటో తెలుసు. ఆసామి మనసు పెట్టకపోతే అంత దొరకదు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక మన పల్లెల్లో పరిగె ఏరేవాళ్ళు తగ్గిపోయారు. పిల్లలకు ఆ మాట కూడా తెలియకుండా పోతోంది. అది వేరే బాధ.

మనకు చేలు లేవు కదా, మనమేం వదలాలి అని అడగవచ్చు. మొదటి తరం చదువుకున్నవాళ్ళ చేను వాళ్ళ చదువే. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆఖరి సంవత్సరం వాళ్ళు గదులు ఖాళీ చేసేటప్పుడు పాత పుస్తకాలు కిలోల లెక్కన కాగితాల కొట్టుకు పోతాయి. వాటిలో పోటీ పరీక్షల గైడ్లు, చేత్తో రాసుకున్న నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. అమ్మితే వచ్చేది ఒక పూట టిఫిను ఖర్చు. జూనులో కొత్తగా చేరే పిల్లవాడికి అవే పుస్తకాలు కొనాలంటే వాళ్ళ నాన్న కొన్ని రోజుల కూలి పోతుంది. మిగిలింది ఇవ్వడం వేరు, ముందే ఆలోచించి మిగల్చడం వేరు. బోయజు చేసింది రెండోది. స్కాలర్‌షిప్పు ఫారం నింపడం, కౌన్సెలింగుకు ఏ కాగితాలు కావాలో చెప్పడం, పట్నంలో ఏ బస్సు ఎక్కాలో చెప్పడం కూడా పరిగెలోకే వస్తాయి. ఇంటి దగ్గర ఇవి చెప్పేవాళ్ళు మనకు ఎవరూ లేరు. మనకైనా ఎవరో సీనియరు జారవిడిస్తేనే దొరికాయి.

ఇక కూలి విషయం. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలోనే మరో కట్టడ ఉంది. కూలివాడి కూలి ఆ రోజే, పొద్దు గుంకకముందే ఇచ్చేయాలి. ఎందుకంటే వాడు పేదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. వాడు దేవునికి మొరపెడితే అది నీకు పాపమవుతుందని కూడా హెచ్చరిక ఉంది. కొత్త నిబంధనలో యాకోబు రాసిన పత్రిక 5వ అధ్యాయం ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. ఎగ్గొట్టిన కూలి తనంతట తానే కేకలు వేస్తుందంటాడు యాకోబు. శనివారం బట్వాడా అని చెప్పి సోమవారానికి, సోమవారం వస్తే సంక్రాంతికి వాయిదా వేసే పెద్దమనుషుల్ని చూసి పెరిగిన మనకు ఆ కేక కొత్తది కాదు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానం కూడా కూలి గురించే. ఒక ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే సంతవీధికి పోయి రోజుకు ఒక దేనారము చొప్పున మాట్లాడుకుని కూలివాళ్ళను తెచ్చుకున్నాడు. ఆ కాలంలో దేనారమంటే మామూలుగా ఒక రోజు కూలి. మళ్ళీ తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి పోయి ఇంకొందరిని తెచ్చాడు. సాయంత్రం అయిదింటికి పోతే అప్పటికీ కొందరు అక్కడే నిలబడి ఉన్నారు. ఎందుకు ఊరికే నిలబడ్డారని అడిగితే తమను ఎవరూ పనికి పిలవలేదన్నారు. వాళ్ళనూ తీసుకుపోయాడు. పొద్దు గుంకాక అందరికీ ఒక్కొక్క దేనారమే ఇచ్చాడు. పొద్దుటి నుంచి ఎండలో మాడినవాళ్ళు గొణిగారు.

ఈ ఉపమానాన్ని ఎక్కువగా పరలోక రాజ్యం గురించి చెబుతారు. యేసు కూడా ఆ రాజ్యానికే పోలిక చెప్పాడు. కానీ కూలివాడిని కూలివాడిగానే చదివి చూడండి. మన ఊరి పక్క టౌనులో పొద్దున్నే ఆరింటికి అడ్డా మీద నిలబడేవాళ్ళు మనకు తెలుసు. మేస్త్రి వచ్చి ముందు ఎవరిని ఎత్తుకుంటాడు? కండ పట్టిన కుర్రాళ్ళను. ముసలివాళ్ళు, సగం జబ్బుతో ఉన్నవాళ్ళు, చంటిబిడ్డ తల్లులు మిగిలిపోతారు. అయిదింటి దాకా నిలబడ్డవాళ్ళు సోమరులు కాదు, ఎవరికీ అక్కరలేనివాళ్ళు. వాళ్ళ ఇంట్లో కూడా రాత్రికి పొయ్యి వెలగాలి. యజమాని లెక్క పనిగంటలది కాదు, ఆ పొయ్యిది. కాలేజీలో రిజర్వేషన్ల మీద గొణిగే స్నేహితులతో వాదించేటప్పుడు మాకు ఈ ఉపమానం గుర్తుకొస్తుంది. తరతరాలుగా సంతవీధిలో నిలబెట్టి ఉంచిన వాళ్ళను సాయంత్రం పూట పిలిస్తే, అప్పుడు గంటల లెక్క తీయడం న్యాయం కాదు.

అయితే ఈ వాక్యం మనకు అనుకూలంగా చదువుకుని ఊరుకుంటే సరిపోదు. పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఇప్పుడు ఉద్యోగస్థులు. కొందరి ఇళ్ళల్లో అంట్లు తోమడానికి, బట్టలు ఉతకడానికి మనుషులు వస్తున్నారు. అంటే మన తల్లులు నిన్నటిదాకా ఉన్న చోట ఇంకొకరి తల్లి ఉంది, మనం ఆసామి స్థానంలో ఉన్నాం. ఒకటో తారీఖున మన జీతం పడ్డాక ఆమె జీతం ఏ తారీఖున ఇస్తున్నాం? నాలుగు రోజులు జ్వరంతో రాకపోతే కోస్తున్నామా? పొద్దు గుంకకముందే అన్న కట్టడ ఇప్పుడు మనకే వర్తిస్తుంది.

ఆదివారం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినపు ఆజ్ఞ ఒకటి. దాన్ని నువ్వు ఒక్కడివే పాటిస్తే చాలదు. నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ ఇంట ఉన్న పరదేశి కూడా ఆ రోజు విశ్రమించాలి. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో కారణం కూడా ఉంది: మీరు ఐగుప్తులో దాసులుగా ఉండి వచ్చినవాళ్ళు, అది మర్చిపోకండి అని. అంటే బానిసత్వం చూసినవాళ్ళు రాసుకున్న వారపు సెలవన్నమాట.

ఆ సెలవు మన తెలుగు నేల మీద ఎంత గొడవ తెచ్చిందో చరిత్రలో ఉంది. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ ప్రాంతపు మాదిగల్లో తోళ్ళ వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య అదే సంవత్సరం బాప్తిస్మం తీసుకుని, ఊరూరా తిరిగి తనవాళ్ళకు ఈ మాట చెప్పాడు. కొత్తగా చేరేవాళ్ళకు ముఖ్యంగా మూడు నియమాలు చెప్పేవారు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఈ మూడో నియమం చూడటానికి చిన్నదే. కానీ ఊరి ఆసామి పిలిచినప్పుడల్లా పోవాల్సిన మనిషి, ఈ రోజు రానని చెప్పడం ఆ ఊళ్ళల్లో అంతవరకూ వినని మాట. కొన్ని చోట్ల కొట్లాటల దాకా పోయింది. ఆ మనుషులకు చదువు లేదు, భూమి లేదు, చేతిలో కాగితం లేదు. వారానికి ఒక్క రోజు మాత్రం తమది అన్నారు. విశ్వాసాన్ని నిత్యజీవితంలో పాటించడం అంటే ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పనికి కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీనికి ముందు జరిగిన ఒక సంగతిని క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. మొదట్లో అగ్రకులాల వారు కొందరు ఆయన బోధ మీద ఆసక్తి చూపారు, కానీ మాదిగల్ని చేర్చుకుంటే తాము రామన్నారు. ఏం చేయాలో తోచక ఆయనా, ఆయన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం ఎదురైందట. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. పిలుపు అందుకున్నవాళ్ళలో గొప్పింటి వాళ్ళు, పెద్ద చదువుల వాళ్ళు ఎక్కువమంది లేరని గుర్తుచేసే భాగం. ఆయన మాదిగల వైపే నిలబడ్డాడు.

అదే పత్రిక 11వ అధ్యాయంలో మన హాస్టలుకు బాగా దగ్గరి సంగతి ఉంది. కొరింథు సంఘంలో ప్రభురాత్రి భోజనం అంటే ఇప్పటిలా చిన్న రొట్టెముక్క, చెంచాడు ద్రాక్షరసం కాదు. అందరూ కలిసి కడుపునిండా తినే భోజనం. ఉన్నవాళ్ళు ముందుగా వచ్చి తిని తాగేవారు. ఏమీ లేనివాళ్ళకు మిగిలేది కాదు. దాసులూ, పని ముగించుకుని రావాల్సినవాళ్ళూ ఆలస్యంగా వచ్చి ఉంటారని పండితులు అంటారు. ఒకడు ఆకలితో, ఒకడు మత్తుతో ఉండే ఆ భోజనం ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు పౌలు. ఆయన చెప్పిన పరిష్కారం చాలా చిన్నది. భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. అంతే.

మన లైన్లో చూద్దాం. కంచాలు పట్టుకుని ముందు నిలబడేది పెద్ద తరగతుల వాళ్ళు. ముక్కలు పైన తేలేటప్పుడు వాళ్ళ వంతు, గిన్నె అడుగున పులుసు మిగిలాక చిన్న పిల్లల వంతు. కాలేజీ హాస్టళ్ళలో రాత్రిపూట క్యాటరింగుకో, పెట్రోలు బంకుకో పోయి ఫీజు సంపాదించుకునే కుర్రాడు పదింటికి వచ్చేసరికి గిన్నెలు కడిగి బోర్లించి ఉంటాయి. వాడు ఇతరుల పెళ్ళిలో రెండు వందల మందికి వడ్డించి వచ్చినవాడు. వాడి కంచం మీద ఇంకో కంచం మూసి పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు ముందు ఈ రెండు నిమిషాల సంగతి చూడాలని మా మనవి.

తిండి దగ్గర మరో కథ గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. అంతియొకయలో పేతురు యూదులు కానివాళ్ళతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి తనవాళ్ళు కొందరు రాగానే ఏమనుకుంటారోనని జంకి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందే పేతురును నిలదీశాడు. పేతురు మామూలు మనిషి కాదు, యేసుతో కలిసి తిరిగినవాడు. పంక్తి విడిచినందుకు ఆయనకే అడ్డు తగిలాడు.

మన సంగతేమిటి? చాలా ఊళ్ళల్లో మాలపల్లె చర్చి ఒకటి, మాదిగపల్లె చర్చి ఒకటి. పాటలు అవే, వాక్యం అదే, క్రిస్మస్ నక్షత్రం అదే, పెళ్ళి సంబంధం మాత్రం కలవదు. గుంటూరు వైపు లూథరన్లలో మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువగా చేరడం వల్ల మిషన్ల కాలం నుంచే ఈ గీత బలపడింది. ఎస్సీ వర్గీకరణ విషయం తీసుకుంటే 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలకు ఆ అధికారం ఉందన్నది, 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమలులోకి తెచ్చాయి. ఆ రోజుల్లో హాస్టలు గదుల్లో ఎంత వేడి పుట్టిందో అందరం చూశాం. ఒకే గదిలో నాలుగేళ్ళు ఉన్నవాళ్ళు మాటలు మానుకున్న సందర్భాలున్నాయి. మా అభిప్రాయం ఒక్కటే. వెనక నిలబడ్డవాడు తన వంతు అడిగితే అది తగవు కాదు, లెక్క. లెక్క గురించి ఎంతైనా వాదించుకోవచ్చు, కానీ కంచం ఎత్తుకుని పక్క బల్లకు పోకూడదు. మన హాస్టలులో ఈ రెండు పల్లెల పిల్లలూ ఒకే గంగాళంలో అన్నం తింటున్నారు. చర్చిలు ఇంకా పూర్తిగా చేయలేనిది ఈ వంటగది చేస్తోంది.

సర్టిఫికెట్ల విషయం కూడా కొందరు తమ్ముళ్ళు అడిగారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి పోయినవారు 1 శాతం ఉన్న బీసీ–సి కిందికి వస్తారు. మతం మారినంత మాత్రాన ఊరి బావి దగ్గర చూపు మారలేదని మనకు తెలుసు, చట్టానికి తెలియాలి. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మాట ఉండాలని నేర్చుకున్న పిల్లవాడికి ఈ ముడి చాలా బరువు. దాన్ని వాడి నెత్తిన పెట్టి, వాడి నిజాయితీని తూచే హక్కు ఎవరికీ లేదని మేము అనుకుంటున్నాం. అది ప్రభుత్వమూ, కోర్టులూ విప్పాల్సిన ముడి. మన చేతిలో ఉన్న తూకాలు వేరే ఉన్నాయి. సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం చెబుతుంది. మెస్ కమిటీలో ఉన్నవాళ్ళు బియ్యం తూచేటప్పుడు దగ్గర నిలబడి కాటా చూడటం ఈ మాటను పాటించడమే. అది ఎవరినో అనుమానించడం కాదు, ఆ పని కోసమే కమిటీ వేసింది.

వార్షికోత్సవం నాటికి రెండు పనులు చేయాలని కొందరు పూర్వ విద్యార్థులం అనుకున్నాం. స్టడీ హాలులో కిటికీ పక్కన ఖాళీగా ఉన్న ఇనుప బీరువాను పుస్తకాలకు కేటాయించమని వార్డెన్ గారిని అడుగుతున్నాం. ఆఖరి సంవత్సరం వాళ్ళు గది తాళం ఇచ్చే ముందు పుస్తకాలు అందులో పెట్టి పోవాలి. రెండోది, ఆ రోజు మధ్యాహ్నం భోజనాల సంగతి. ఏడాది పొడుగునా, అందరికీ సెలవైన ఆదివారాల్లో కూడా, మనకు వండిపెట్టే వంటవాళ్ళు, కామాటి, వాచ్‌మన్ మొదటి పంక్తిలో కూర్చుంటారు. వాళ్ళ తరువాత చిన్న తరగతుల పిల్లలు. పూర్వ విద్యార్థులు వడ్డించి, ఆఖరి పంక్తిలో తింటారు. వడ్డనకు కనీసం పన్నెండు మంది కావాలి. రాదలచినవాళ్ళు ముందురోజు సాయంత్రానికల్లా వచ్చి ఉల్లిపాయలు తరగడానికి కూడా సిద్ధపడి రావలసిందిగా కోరుతున్నాం.